అరకుకి ఒకసారి రైల్లో, ఒకసారి బస్సులో

నవంబరు 21, మర్రిపాలెం

పొద్దున్నే విశాఖలో దిగాం. రాత్రి భోజనాల దగ్గరికి వచ్చేసరికి అక్క వాళ్ళింట్లో పంచాయితీ మొదలైంది. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. పుట్టి పెరిగింది బొబ్బిలి పక్కన పల్లెలో. అంత దగ్గర ఉండి కూడా ఇన్నేళ్ళలో అరకు చూడలేదు. కార్తీకం వెళ్ళేలోగా ఒక్కరోజులో తీసుకెళ్ళి తీసుకురావాలని నా పట్టుదల. ఎందులో తీసుకెళ్ళాలన్నదే తేలలేదు.

బావగారు రైలు పక్షం. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. కొండల మీంచి వచ్చే ఇనుప ఖనిజం ఓడల్లోకి ఎక్కడం ఏళ్ళ తరబడి చూశారు. "అరకులో ఏముందమ్మా, దారిలో ఉంది అంతా" అన్నారు. అక్క బస్సు పక్షం. "మోకాళ్ళ నొప్పులావిడ్ని రైలెక్కించి, దింపి, మళ్ళీ ఆటోలెక్కించి ఎందుకండీ అవస్థ? టూరు బస్సయితే ప్రతిచోటా గుమ్మం ముందు దింపుతాడు. అన్నం కూడా వాడే పెడతాడు" అంది.

నేను ఎటూ చెప్పలేకపోయాను. రెండు మాటలూ నిజమే అనిపించాయి. అమ్మ పెరుగన్నం కలుపుకుంటూ, "నాలుగు రోజులుంటాం కదే. రెండూ ఎక్కితే పోలే" అంది. అలా ఒకే ఊరికి రెండుసార్లు వెళ్ళాం.

నవంబరు 22, కిరండూల్ పాసింజరు

ఆరింటికే స్టేషన్లో ఉన్నాం. అద్దాల పెట్టెలో, అదే విస్టాడోమ్‌లో, రెండే సీట్లు దొరికాయి. మనిషికి ఏడు వందలకి అటూ ఇటూ. అమ్మనీ, తోడుగా బావగారినీ అందులో ఎక్కించి, నేనూ అక్కా అక్క మనవడూ మామూలు పెట్టెలోకి వెళ్ళాం. ఇక్కడ టికెట్టు వంద రూపాయల లోపే. బడి ఎగ్గొట్టి వచ్చిన సంబరంలో చిన్నోడు కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వనన్నాడు.

పెందుర్తి, కొత్తవలస దాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. అక్క తెచ్చిన ఇడ్లీలు, అల్లప్పచ్చడి అక్కడే అయిపోయాయి. శృంగవరపుకోట దాటాక వరిచేలు వెనకబడ్డాయి. బొడ్డవరలో కొండలు దగ్గరికి వచ్చాయి. శివలింగపురం నుంచి బండి ఎక్కుడు మొదలుపెట్టింది. ఆ మార్పు ముందు చెవికి తెలుస్తుంది. చక్రాల చప్పుడు నిదానమై, ప్రతి వంపు దగ్గరా పెట్టెలు కిర్రుమంటాయి. తల బయటికి పెట్టి చూస్తే ముందు ఇంజనూ వెనక చివరి పెట్టే రెండూ ఒకేసారి కనిపించేంత వంపులు.

మొదటి సొరంగం రాగానే పెట్టె పెట్టెంతా ఒక్కసారి కేక వేసింది. పిల్లలే కాదు, కాలేజీ కుర్రాళ్ళూ, తలకి మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయనా అరిచారు. చిన్నోడు వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఈ రైలు మార్గం మొత్తం మీద, అంటే కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా ఉన్న 446 కిలోమీటర్లలో, 58 సొరంగాలున్నాయని వాళ్ళ తాతయ్య రాత్రే చెప్పారు. ముప్పై దాటాక ఒకటి లెక్కేశాడో లేదోనని అక్కతో గొడవపడి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

మేం కూర్చున్నది కుడివైపు. సొరంగం చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ లోయ ఒక కొత్త పక్కనుంచి కనిపించేది. ఒకసారి పొగమంచు నిండి పాలగిన్నెలా. ఇంకోసారి ఎండపడి, అడుగున ఒక చిన్న పోడు చేను, దాని మధ్య ఒక్క గుడిసె. చూసేలోపు మళ్ళీ చీకటి. ఇంకొంచెంసేపు ఆగితే బాగుండును అనిపిస్తుంది, ఆగదు. రైల్లో అందం అలాగే దొరుకుతుంది, తునకలు తునకలుగా.

త్యాడలో తలమీద గంపతో ఒక ముసలమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "కొండ సీతాపలాలమ్మా, ఆఖరు కాపు, తీసుకోండి" అంది. ఆరు కాయలు యాభై రూపాయలు. అడ్డాకులో చుట్టి ఇచ్చింది. బేరమాడబోయిన పక్క సీటావిడతో, "కొండెక్కి కోసుకొచ్చేను తల్లీ, రైలెక్కి తినీది మీరు" అంది నవ్వుతూ. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, తనూ ఆరు తీసుకుంది. కాయలు చిన్నవి, కళ్ళు విచ్చుకుని నల్లచారలు పడ్డాయి. విప్పితే గింజ చుట్టూ పలచని గుజ్జే కానీ, బజారు కాయల్లో లేని ఒక పులుపు అంచు ఉంది ఆ తీపికి. గింజలు కిటికీలోంచి ఊసుకుంటూ చిమిడిపల్లి దాకా వెళ్ళాం.

బొర్రా గుహలు స్టేషన్లో సగం జనం దిగిపోయారు. మిగిలిన మూడు కాయలూ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగున అద్దాల పెట్టెకి వెళ్ళాను. అమ్మ సీటు కిటికీవైపు తిప్పుకుని కూర్చుంది. నెత్తిమీద కూడా అద్దమే కాబట్టి కొండ కొసదాకా చూడొచ్చు. ఆ సుఖం కాదనలేను. కానీ అద్దం తీయడానికి లేదు. ఏసీ చల్లదనం, లోపలంతా నిశ్శబ్దం. "ఎవరో కాయలమ్ముతూ పోయారు, పిలిస్తే వినపళ్ళేదే" అంది అమ్మ. చేతిలో పెట్టి పరుగున వచ్చేశాను.

మధ్యమధ్య మా బండి పక్కకి తప్పుకుని ఆగింది, గూడ్సులు పోనివ్వడానికి. ఒక గూడ్సు దిగుతుంటే ఎన్ని వ్యాగన్లో లెక్క తెలియలేదు. పట్టాల పక్క కంకరంతా తుప్పురంగు ధూళి. ఈ దారి మన విహారం కోసం వేసింది కాదు. బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్ ఉక్కు కర్మాగారాలకి పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. అందుకే ఇక్కడ ముందుగా దారి ఇచ్చేది సరుక్కి. ఆ సంగతి తెలిసి ఎక్కితే ఆగినప్పుడు విసుగు రాదు. పైగా ఆగినచోటే అడవి చప్పుడు వినబడేది, పిట్టలు, ఎక్కడో నీళ్ళు.

శిమిలిగుడ బోర్డు మీద సముద్రమట్టానికి 996.32 మీటర్లని ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ ఇదే. అక్కడినుంచి కాస్త దిగితే అరకు.

అరకు, అదే రోజు

పదకొండు దాటింది. తిరుగు బండి మూడింటికి. చేతిలో నాలుగు గంటలు కూడా లేవు. రైల్లో వెళ్ళేవాళ్ళు ముందే మనసులో పెట్టుకోవాల్సిన లెక్క ఇది. అన్నీ చూద్దామంటే ఏదీ చూడలేం.

స్టేషన్ బయట ఆటోల వాళ్ళు చుట్టుముట్టారు. మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి అన్నీ కలిపి రెండు వేలన్నారు. చాపరాయి ఒక్కటే చాలన్నాను, ఎనిమిది వందలకి ఒప్పుకున్నాడు ఒక కుర్రాడు. డుంబ్రిగుడ వైపు పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. పేరుకి తగ్గట్టే చాప పరిచినట్టున్న వెడల్పాటి రాయి, దాని మీద పలచగా జారిపోయే ఏరు. చిన్నోడు తడవని చోటు లేదు. అమ్మ గట్టున కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. ఆ అరగంటా మోకాళ్ళ ఊసెత్తలేదు.

పక్కన ఎండుపుల్లలు మోసుకెళ్తున్న ఆదివాసీ ఆడవాళ్ళని అడక్కుండానే కొందరు ఫోటోలు తీస్తున్నారు. ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అడుగు వేగం పెంచింది. నాకు బాధేసింది. వాళ్ళు పనికి పోతున్నారు, మనం వాళ్ళ ఊళ్ళో ఉన్నాం. అడిగితే ఇష్టమున్నవాళ్ళు నిలబడతారు, లేనివాళ్ళు చెయ్యి ఊపుతారు. ఆ ఒక్క మాట అడగడానికి ఎంతసేపు పడుతుంది?

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పని జరుగుతోందని మా ఆటో కుర్రాడు మట్టిదారి పట్టాడు. రెండు చీలికల దగ్గర తప్పు వైపు వెళ్ళాం. దారి ఒక చేను గట్టున ఆగిపోయింది. ఎదురుగా వలిసె పూలు! గట్టు నుంచి కొండ మొదలు దాకా పసుపు తప్ప ఇంకో రంగు లేదు. పువ్వు అరచేతిలో సగం కూడా ఉండదు, చిన్న పొద్దుతిరుగుడు పువ్వులా ఎనిమిది రేకులు, పైన తేనెటీగలు. ఈ గింజల్లోంచి నూనె తీస్తారు. చేలో ఉన్న ముసలాయన మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. దారి అటు కాదు, ఇటు అని కర్రతో చూపించాడంతే. టైము మించిపోతోందని నాకు కంగారు. అమ్మ మాత్రం ఆటో దిగి నిలబడి, "ఇదొక్కటి చాలే నాకు" అంది.

భోజనానికి టైము లేకపోయింది. దారిపక్కన బొంగు చికెన్ పొగ చూసి ఆపించాను. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద దొర్లిస్తారు. చుక్క నూనె ఉండదు. గొట్టం పైన నల్లగా మాడాక మూతి తీసి ఆకులో గుమ్మరించాడు. ముక్కకి వెదురు వాసన పట్టింది, అడుగున చెంచాడు రసం. మూడు వందలు. కార్తీకమని అమ్మా అక్కా బావగారూ నీచు ముట్టరు, వాళ్ళకి ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు. నేనూ చిన్నోడూ తింటుంటే బావగారు పొగవైపు తిరిగి నిలబడ్డారు పాపం.

పరుగులు పెట్టి బండి అందుకున్నాం. దిగేటప్పుడు లోయలో ఎండ పసుపుగా మారింది. శృంగవరపుకోట వచ్చేసరికి చీకటి. అమ్మ రైల్లోనే నడుం వాల్చింది. రాత్రి ఇంట్లో మెట్లు తనే ఎక్కింది.

నవంబరు 24, టూరు బస్సు

మధ్యలో ఒకరోజు ఇంట్లోనే. ఇది ఆదివారం, పైగా కార్తీకం. అది మా లెక్కలో లేకపోవడం పొరపాటే. మనిషికి పదహారు వందలు, టిఫినూ భోజనమూ టికెట్లూ అందులోనే. ఏడింటికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఎక్కాం. సీట్లు మెత్తగా ఉన్నాయి. గైడు కుర్రాడు మర్యాదస్తుడు, పెద్దవాళ్ళందర్నీ ముందు సీట్లలో కూర్చోబెట్టాడు.

ఘాట్ మొదలయ్యాక సంగతి తెలిసింది. రైలు వంపు తిరిగినట్టు బస్సు తిరగదు. ఒంట్లో ఉన్నదంతా ఒక పక్కకి ఒరుగుతుంది. వెనక సీట్లో ఒక పాప రెండుసార్లు కక్కుకుంది. గైడు నిమ్మకాయలు పంచాడు. టీవీలో సినిమా పెడితే అందరూ తెర చూస్తున్నారు, కిటికీ అవతల సిల్వర్ ఓక్ చెట్లు జరిగిపోతున్నాయి. "ఆపు బాబూ, కొండలు చూడనీ" అని అక్క అడిగాకే ఆపాడు. బస్సు పక్షం మనిషే అడిగింది ఆ మాట.

కానీ డముకు వ్యూ పాయింట్ దగ్గర దిగి నిలబడ్డప్పుడు, రైలు ఇవ్వనిది బస్సు ఇచ్చిందని ఒప్పుకున్నాను. మొన్న తునకలుగా చూసిన లోయ ఇక్కడ ఒక్క ముక్కగా ఉంది. పావుగంట కళ్ళారా చూశాం. ఎదురు కొండ నడుం మీద సన్నటి గీత, దాని మీద గూడ్సు బండి గొంగళిపురుగులా పాకుతోంది. "మనం అక్కడ ఉన్నాం మొన్న!" అని చిన్నోడు ఎగిరాడు.

బొర్రా గుహలు

ఇందుకోసమైనా బస్సు ఎక్కాల్సిందే. మొన్న రైల్లో దీన్ని దాటుకుని వెళ్ళిపోయాం. లోపలికి అడుగు పెట్టగానే చల్లదనం, గబ్బిలాల వాసన. సున్నపురాయి మీంచి చుక్క చుక్కగా కారిన నీళ్ళలోని సున్నం యుగాల తరబడి గడ్డకట్టి, పైనుంచి వేలాడేవి కొన్ని, కిందనుంచి లేచేవి కొన్ని, రెండూ కలిసి స్తంభాలైనవి కొన్ని. గైడు టార్చి వేసి శివపార్వతులు, రుషి గడ్డం, మొసలి అని చూపిస్తున్నాడు. నాకు ఆ పోలికల కంటే ఒక రాతి కొనని వేలాడుతున్న నీటిచుక్కే నచ్చింది. పడుతుందేమోనని అలాగే నిలబడ్డాను. వెనకవాళ్ళు తోసేదాకా పడలేదు. ఇక్కడ పుట్టే గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆవు పొదుగులా ఉన్న రాతినుంచి నీరు వస్తుందని ఆ పేరు అంటారు.

గుహ పైకప్పు కేసి చెయ్యి చూపించి బావగారు, "దీని మీంచే వెళ్ళింది మన రైలు" అన్నారు. నిజమే, పట్టాలు గుహ నెత్తిమీంచే పోతాయి.

అమ్మ మాత్రం ఇదేదీ చూడలేదు. మెట్లు దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. ఇరవై మెట్లు దిగి నాతో, "మీరు వెళ్ళిరండి" అని రాతిచప్టా మీద కూర్చుండిపోయింది. గుమ్మం ముందు దింపుతాడన్న బస్సులో ఆరోజు అమ్మ ఎక్కిన దిగిన సార్లు లెక్కపెడితే తొమ్మిది. ప్రతిసారీ ఆ ఎత్తు మెట్టు, ప్రతిసారీ అక్క ఒక పక్క నేనొక పక్క. బాత్రూముకి వెళ్ళాలంటే బస్సు ఆగేదాకా బిగపట్టుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే బస్సే సుఖం అనుకుంటాం. మా అమ్మ విషయంలో అది పూర్తిగా తలకిందులైంది. రైల్లో ఒకసారి ఎక్కింది, ఒకసారి దిగింది. మధ్యలో కాళ్ళు చాపుకుంది, లేచి నాలుగడుగులు నడిచింది.

అనంతగిరి, గాలికొండ

భోజనం చల్లారిపోయిన పప్పు, బంగాళాదుంప కూర. దాని గురించి ఇంతకంటే రాయను. కాఫీ తోటలో మాత్రం మనసు నిలిచింది. సిల్వర్ ఓక్ మానులకి మిరియాల తీగలు పాకించారు, ఆ నీడలో కాఫీ మొక్కలు. గుత్తులు ఎర్రబడ్డాయి. తోటలో పనిచేసే ఒకామె ఒక పండు కోసి నా చేతిలో పెట్టి, "నొక్కమ్మా" అంది. తొక్క జారి రెండు గింజలు బయటికి వచ్చాయి, జిగురుగా, వీపుకి వీపు కాకుండా పొట్టకి పొట్ట ఆనించుకుని. చప్పరిస్తే తీపి. కాఫీ వాసన లవలేశమైనా లేదు. ఆ వాసన నిప్పు తగిలాకే పుడుతుందట. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పొడి ప్యాకెట్టు పట్టణాల్లో ఎంత పలుకుతుందో మనకి తెలుసు. రోజుకి ఎన్ని కిలోలు కోస్తావని అడిగితే ఆమె బుట్టవైపు చూసి నవ్వి ఊరుకుంది.

గాలికొండ మీద గాలి పేరుకి తగ్గట్టే ఉంది. అయితే ఆదివారం కార్లు అటూ ఇటూ నిలిచిపోయి బస్సు గంటకు పైగా కదల్లేదు. దాంతో గిరిజన మ్యూజియం పది నిమిషాల్లో ముగిసింది. పద్మాపురం తోట గేటు బయటినుంచే. థింసా ఆట చీకటిపడ్డాక లైట్ల కింద చూశాం. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వలయంగా తిరుగుతుంటే అడుగులు ఒక్కటై పడతాయి. గైడు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. అతన్ని ఏమనగలం? వెనక నలభై మంది ఇళ్ళకి చేరాలి.

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు.

ఒక్కరోజే చేతిలో ఉన్నవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే. పొద్దున్న రైలెక్కండి, మామూలు పెట్టెలో, కిటికీ పక్కన. బొర్రాలో దిగి గుహలు చూసి, అక్కడినుంచి జీపో ఆటోనో మాట్లాడుకుని కాఫీ తోటలు, గాలికొండ చూస్తూ రోడ్డు మీద అరకు వెళ్ళి, రాత్రికి బస్సులో దిగండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే గుహలు వదిలేసి, రానూపోనూ రైలే. ఆదివారం మాత్రం వద్దు.

అక్క వేడినీళ్ళ బకెట్టు తెచ్చి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. అమ్మ పాదాలు అందులో ఉంచి, చేతిసంచీలోంచి ఒక సీతాఫలం తీసింది. మొన్న నేను పరుగున అందించిన వాటిలో ఒకటి. రెండు రోజుల్లో బాగా మగ్గి వేలు పెడితే దిగిపోతోంది. నెమ్మదిగా విప్పి, ఒక్కో గింజా చప్పరించి అరచేతిలో పెట్టుకుంటోంది.

"ఇది కిటికీలోంచి కొన్నావు కదూ?"

"అవునమ్మా. త్యాడలో."

"మళ్ళీ వచ్చినప్పుడు నన్ను నీ పెట్టెలో కూచోబెట్టు" అంది.